కొండ ఎవరిది, కొలిమి ఎవరిది? – టంగ్‌స్టన్ చెప్పే చరిత్ర

నేను ఏజెన్సీలో పుట్టి పెరిగినవాణ్ణి. ఉద్యోగరీత్యా రాజోలు వైపు వచ్చాను. ఇక్కడ ఎటు చూసినా కొబ్బరి తోటలు, కాలువలు, గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. వెతికినా గులకరాయి దొరకని నేల ఇది. అలాంటి చోట నాకు ఒక రాయి కథ దొరికింది.

ఒకసారి బడి గేటు బందు ఊడిపోతే వెల్డింగు షాపుకు తీసుకువెళ్ళాను. షాపు మూలన పాత డ్రిల్లింగు బిట్టు ఒకటి పడి ఉంది. ఉక్కు అరిగిపోయి తుప్పు పట్టింది. దాని ముఖం మీద శనగగింజల్లా పొదిగిన బొడిపెలు మాత్రం నిన్న చేసినట్టు నిగనిగలాడుతున్నాయి. ఇదేం లోహమని అడిగాను. "కార్బైడ్ అండి మేస్టారూ. ఇనుముకో రేటు, ఈ బొడిపెలకో రేటు. పాత ఇనుప సామాను కొనేవాడు ముందు వీటినే చూస్తాడు" అన్నాడు షాపతను.

ఆ కార్బైడ్‌లోని అసలు లోహం టంగ్‌స్టన్. మర్నాడు పదో తరగతిలో అడిగాను: "బల్బులో ఫిలమెంటు దేనితో చేస్తారు?" పిల్లలంతా ఒక్క గొంతుతో "టంగ్‌స్టన్" అన్నారు. "అది ఎక్కడ దొరుకుతుంది?" అన్నాను. ఒక్కరూ మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజుకు నాకూ తెలియదు. ఒక మార్కు జవాబుగా ఇన్నేళ్ళు చెప్పిన మాట వెనుక ఏముందో తెలుసుకోవాలని అప్పుడు బయలుదేరాను. వెతుకుతూ పోతే ఆ దారి మన తూర్పు కనుమల దాకా వచ్చింది.

బరువు రాయి

స్వీడన్ భాషలో టుంగ్ అంటే బరువు, స్టెన్ అంటే రాయి. బరువు రాయి అనే మాటే టంగ్‌స్టన్ అయింది. జర్మనీ గనుల కూలీలు దీన్ని వేరే పేరుతో పిలిచేవారు. తగరం తీసే ముడిరాయిలో ఈ రాయి కలిస్తే కొలిమిలో తగరం సరిగా దిగేది కాదు. తోడేలు గొర్రెను మింగినట్టు ఇది తగరాన్ని మింగేస్తోందని వాళ్ళు తిట్టుకున్నారు. ఆ తోడేలు పేరు మీద వుల్‌ఫ్రామ్ అనే పేరు నిలిచింది. రసాయన శాస్త్రంలో దీని గుర్తు డబ్ల్యు కావడానికి కారణం అదే. పరమాణు సంఖ్య 74.

1781లో స్వీడన్‌లో మందుల తయారీదారు కార్ల్ విల్‌హెల్మ్ షీలే ఈ బరువు రాయి నుంచి ఒక కొత్త ఆమ్లం తీశాడు. ఆయన పేరు మీద ఆ ఖనిజాన్ని ఇప్పుడు షీలైట్ అంటారు. 1783లో స్పెయిన్‌లో హువాన్ హోసే, ఫౌస్తో ఎల్‌హుయార్ అనే అన్నదమ్ములు వుల్‌ఫ్రమైట్ అనే నల్లటి ఖనిజం నుంచి అదే ఆమ్లం రాబట్టి, బొగ్గుతో కలిపి కాల్చి లోహాన్ని విడదీశారు. నేటికీ టంగ్‌స్టన్‌కు ముఖ్యమైన ముడిఖనిజాలు ఈ రెండే.

దీని గుణాలు పిల్లలకు ఇలా చెబుతాను. లీటరు డబ్బాలో నీళ్ళు పోస్తే కిలో తూగుతుంది. అదే డబ్బా పట్టే ఇనుము దాదాపు 7.9 కిలోలు. టంగ్‌స్టన్ అయితే 19.3 కిలోలు, అంటే బంగారంతో సమానం. ఇక వేడి సంగతి. ఇనుము 1538 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. టంగ్‌స్టన్ కరగాలంటే 3422 డిగ్రీలు కావాలి. లోహాలన్నిటిలో ఇదే ఎక్కువ. అందుకే బల్బులో తీగ సుమారు 2500 డిగ్రీల దాకా కాగి తెల్లగా వెలిగినా కరిగిపోదు. పాత బల్బు గాజు లోపల నల్లబడటం మీరు చూసే ఉంటారు. అది పొగ కాదు. తీగ నుంచి కొద్దికొద్దిగా ఆవిరై గాజుకు అంటుకున్న టంగ్‌స్టనే.

మన కొలిమి లొంగదీయలేని లోహం

మన కొండల్లో లోహం పని కొత్తది కాదు. కొండ కమ్మరులు తోలు తిత్తులతో కొలిమి ఊది, బొగ్గు మంటలో ఇనుము కాల్చి గొడ్డళ్ళు, కత్తులు, నాగలి కర్రులు చేశారు. ఎంత కాల్చాలో, ఎప్పుడు నీళ్ళలో ముంచాలో వాళ్ళ కంటికి తెలుసు. ఇటు తెలంగాణలో నిర్మల్ దగ్గర కోనసముద్రంలో చేసిన ఉక్కు కోసం పరాయి దేశాల వర్తకులు వచ్చేవారు. లోహవిద్య పుస్తకాల్లోనే పుట్టిందనుకునే పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పాలి.

కానీ టంగ్‌స్టన్‌ను తిత్తుల కొలిమి కరిగించలేదు. పెద్ద పెద్ద ఉక్కు కర్మాగారాల కొలుములకు కూడా 3422 డిగ్రీలు అందవు. దాన్ని ఏ మట్టి మూసలోనో, ఇటుక బట్టీలోనో పోసి కరిగిద్దామంటే ముందు ఆ మూసే కరిగిపోతుంది. అందుకే దీని పద్ధతి వేరు. కరిగించి పోత పోయరు. పొడి చేసి, అచ్చులో అదిమి, కాలుస్తారు.

వరుసగా చూద్దాం. మొదట రాతిని పగలగొట్టి నూరుతారు. ఆ పొడిని నీళ్ళలో కడిగి ఊపే బల్లల మీద వదులుతారు. తేలిక మట్టి కొట్టుకుపోతుంది, బరువు గింజలు అడుగున నిలుస్తాయి. అమ్మ చాటలో బియ్యం చెరిగితే ఊక ఎగిరి గింజ మిగలడం, వాగు ఇసుకలో బంగారు రేణువులు కడిగి తీయడం – పద్ధతి అదే. వుల్‌ఫ్రమైట్‌కు కొద్దిగా అయస్కాంత గుణం ఉంది కనుక బలమైన అయస్కాంతంతో దాన్ని వేరు చేయవచ్చు. షీలైట్‌ను చీకట్లో అతినీలలోహిత దీపం కింద పెడితే నీలి తెలుపు కాంతితో మెరుస్తుంది. భూగర్భ శాస్త్రవేత్తలు రాత్రిపూట దీపం పట్టుకుని దాన్ని వెతకడం అందుకే.

ఇక్కడిదాకా గని దగ్గర జరిగే పని. ఆ తరువాతది రసాయన కర్మాగారంలో జరుగుతుంది. శుద్ధి చేసిన ఖనిజాన్ని కాస్టిక్ సోడాతో ఉడికిస్తే టంగ్‌స్టన్ ద్రావణంలోకి దిగుతుంది. మలినాలు తీసి, అమోనియాతో కలిసిన తెల్లటి ఉప్పుగా మారుస్తారు. ప్రపంచ మార్కెట్లో ఎక్కువగా బేరం సాగేది ఈ ఉప్పు మీదే. దాన్ని వేడి చేస్తే పసుపు రంగు ఆక్సైడ్ వస్తుంది. ఆ ఆక్సైడ్‌ను హైడ్రోజన్ వాయువులో కాల్చితే ఆక్సిజన్ నీటి ఆవిరిగా పోయి బూడిద రంగు లోహపు పొడి మిగులుతుంది. ఆ పొడిని అచ్చులో గట్టిగా అదిమి, కరగనివ్వకుండానే బాగా కాల్చితే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని కడ్డీ అవుతుంది.

అలా వచ్చిన కడ్డీ మొదట్లో పెళుసు. 1904లో హంగరీలో యుస్ట్, హనమన్ అనేవారు టంగ్‌స్టన్ ఫిలమెంటుకు పేటెంట్ తీసుకున్నారు. కానీ ఆ తీగలు తాకితే విరిగేవి. అమెరికాలో విలియం కూలిడ్జ్ ఏళ్ళ తరబడి కష్టపడి, వేడి మీద కొట్టి కొట్టి, సాగదీసి, 1910 నాటికి దాన్ని వెంట్రుక కంటే సన్నని తీగగా లాగే పద్ధతి సాధించాడు. ఊరూరా వెలిగిన బల్బు వెనుక ఉన్నది ఆ పద్ధతి.

టంగ్‌స్టన్ పొడిని మసిబొగ్గుతో కలిపి కాల్చితే టంగ్‌స్టన్ కార్బైడ్ వస్తుంది. ఇది వజ్రానికి దగ్గర దగ్గరగా గట్టిది, కానీ పెళుసు. 1923లో జర్మనీలో కార్ల్ ష్రోటర్ దీనికి కోబాల్ట్ పొడి జోడించి కాల్చాడు. ఇటుకల మధ్య సున్నంలా కోబాల్ట్ ఆ గింజలను పట్టి ఉంచింది. వజ్రం లాంటిది అనే అర్థంతో విడియా అనే పేరు పెట్టి క్రుప్ కంపెనీ 1926 నుంచి అమ్మింది. ఈనాడు టంగ్‌స్టన్‌లో అత్యధిక భాగం కార్బైడ్ పనిముట్లకే పోతోంది.

మన చుట్టూ చూసుకుంటే ఈ కార్బైడ్ అన్నిచోట్లా ఉంది. ఏజెన్సీలో బోరు వేసే లారీ బిట్టు మీద రాతిని కొట్టే బొడిపెలు ఇవే. సింగరేణిలో బొగ్గును కోసే యంత్రాల పళ్ళ మొనలు ఇవే. కోనసీమలో చమురు, గ్యాసు కోసం భూమిలోకి కిలోమీటర్ల లోతు తవ్విన బిట్ల పళ్ళు కూడా ఇలాంటివే. 1995 జనవరి 8న రాజోలుకు దగ్గరలోని పాశర్లపూడిలో గ్యాసు బావి పేలి రెండు నెలలకు పైగా మండింది. ఆ మంట ఇక్కడి పెద్దలకు ఇంకా గుర్తుంది. భూమి లోపలి సంపద పైకి వచ్చేటప్పుడు ఆ భూమి మీద ఉన్నవాళ్ళకు ఏం జరుగుతుందో అనే ప్రశ్న కొండవాళ్ళకే కాదు, కోనసీమవాళ్ళకూ తెలిసిందే. ఇంతకీ మీరు రాస్తున్న బాల్ పెన్ను మొనలో తిరిగే చిన్న గుండు కూడా చాలా పెన్నుల్లో టంగ్‌స్టన్ కార్బైడే.

రాయి ఒకచోట, విద్య మరోచోట

ఇప్పుడు అసలు చరిత్రకు వద్దాం. 1868లో ఇంగ్లండులో రాబర్ట్ మషెట్ ఉక్కులో టంగ్‌స్టన్ కలిపి గట్టి పనిముట్లు చేశాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో అమెరికా వాళ్ళు అంతకంటే మేలైన హైస్పీడ్ ఉక్కును చూపించారు. ఎర్రగా కాగినా దాని పదును పోదు. దాంతో ఫిరంగులు, గుండ్లు, యంత్రాలు ఎన్నో రెట్లు వేగంగా తయారు చేయడం సాధ్యమైంది. బరువు రాయి యుద్ధపు రాయి అయింది.

అప్పట్లో ఈ ఖనిజం ఎక్కువగా దొరికిన చోట్లలో బర్మా ఒకటి. బర్మా ఆనాడు బ్రిటిష్ ఇండియాలో భాగం. దక్షిణాన తవాయ్ కొండల్లో వుల్‌ఫ్రమైట్ గనులు ఉండేవి. కొండ బ్రిటిష్ వారి చేతిలో ఉంది. అయినా 1914కు ముందు ఆ ఖనిజంలో అధికభాగం జర్మనీకి పోయేది. దాన్ని లోహంగా మార్చే విద్య, కర్మాగారాలు అక్కడే ఉన్నాయి మరి. బ్రిటన్ తన సొంత వలస నుంచి పోయిన రాయినే జర్మనీ నుంచి లోహపు పొడిగా కొనుక్కునేది. మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే ఈ సంగతి తెల్లవాళ్ళకు నెత్తిన పిడుగులా తగిలింది. హడావుడిగా సొంత కర్మాగారాలు కట్టుకుని, బర్మా ఖనిజాన్ని తమవైపు మళ్ళించుకున్నారు. తవాయ్ గనులకు పరుగు మీద కూలీలను తరలించారు. వారిలో భారతీయులు ఉన్నారు, చైనీయులు ఉన్నారు.

బర్మా అంటే గోదావరి జిల్లాల వారికి పరాయి మాట కాదు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వేలమంది తెలుగువారు రంగూన్ పోయారు. తెలుగువారిని అక్కడ కోరంగీలు అనే పిలిచేవారు. వాళ్ళు మిల్లుల్లో, రేవుల్లో చెమటోడ్చారు. 1942లో జపాన్ సేన బర్మాను ఆక్రమించినప్పుడు లక్షలాది భారతీయులు అడవుల వెంట కాలినడకన తిరిగి వచ్చారు. దారిలో ఎందరో చనిపోయారు.

బర్మాలోనే మాచీ అని ఇంకో పెద్ద గని ఉంది. అది కరెన్నీ ప్రజల కొండ. 1930లలో ప్రపంచంలో పేరున్న టంగ్‌స్టన్ గనుల్లో అది ఒకటి. గని బ్రిటిష్ కంపెనీది, రాయి దేశాంతరాలకు పోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకుల ఉక్కును చీల్చే గుండ్లకు టంగ్‌స్టన్ కావలసి వచ్చింది. పోర్చుగల్ వుల్‌ఫ్రామ్ కోసం ఇటు మిత్రపక్షాలు, అటు జర్మనీ పోటీపడ్డాయి. చివరకు 1944 జూన్‌లో పోర్చుగల్ ఎగుమతులే ఆపేసింది.

ఈ చరిత్రలో ఒక వరుస కనిపిస్తుంది. రాయి ఉన్న కొండ ఒకరిది. దాన్ని తవ్విన చెయ్యి మరొకరిది. కరిగించే, అదిమే, తీగ లాగే విద్య ఇంకొకరిది. లాభం ఎప్పుడూ విద్య ఉన్న చోటికే పోయింది. నేటికీ అంతే. ఇప్పుడు ప్రపంచ ఉత్పత్తిలో దాదాపు ఐదింట నాలుగు వంతులు చైనాది. ఆ దేశం రాయి తవ్వడంతో ఆగలేదు, లోహం చేసే విద్యను కూడా తన దగ్గరే పెంచుకుంది. అందుకే అది ఎగుమతికి షరతులు పెడితే దేశాలన్నీ ఉలిక్కిపడుతున్నాయి.

మన కొండల సంగతి

భారతదేశంలో రాజస్థాన్‌లోని డేగానా గని పేరు మొదట చెప్పుకోవాలి. రెండు ప్రపంచ యుద్ధాల కాలంలోనూ అక్కడ తవ్వారు, తరువాత మూతపడింది. కోలారు బంగారు గనుల వ్యర్థపు దిబ్బల్లో షీలైట్ ఉంది. మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్‌లోనూ కొద్దిగా ఉంది. ఈ జాబితాలోనే ఆంధ్రప్రదేశ్ నుంచి రెండు పేర్లు ఉన్నాయి: బూరుగుబండ, తాపసికొండ. రెండూ అప్పటి తూర్పు గోదావరి జిల్లావి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయే వరకు రాజోలుదీ అదే జిల్లా. అంటే నా బడి పిల్లలకు తెలియని ఆ ఖనిజం ఇన్నాళ్ళూ వాళ్ళ సొంత జిల్లా పటంలోనే ఉంది.

అక్కడ ఖొండలైట్ అనే రాతి మధ్య తెల్లటి క్వార్ట్జ్ సిరల్లో వుల్‌ఫ్రమైట్ ఉంది. తూర్పు కనుమల్లో విస్తారంగా కనిపించే రాయి ఖొండలైట్. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టాడు. ఎవరి పేరు మీదో తెలుసా? ఆ కొండల్లో బతికే ఖోండు ఆదివాసుల పేరు మీద. మన దగ్గర కోదులు అని పిలిచే వాళ్ళు, మన బంధుజనం. రాయికి మన జాతి పేరు పెట్టారు. ప్రపంచమంతా భూగర్భ శాస్త్ర పుస్తకాల్లో ఆ పేరు చదువుతారు. కానీ ఆ రాతి మీద నిర్ణయం చేసే కాగితాల్లో మన పేరు ఎక్కడ ఉంది?

ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు. 2023లో గనుల చట్టానికి సవరణ వచ్చింది. 24 ఖనిజాలను కీలకమైనవిగా గుర్తించి, వాటి వేలం అధికారం కేంద్రానికి ఇచ్చారు. వాటిలో టంగ్‌స్టన్ ఉంది. మన రాష్ట్రంలో బాలేపాళ్యం టంగ్‌స్టన్ బ్లాకు వేలానికి వచ్చింది. తమిళనాడులో మదురై దగ్గర నాయక్కర్‌పట్టి బ్లాకును 2024 నవంబరులో ఒక కంపెనీకి ఖరారు చేశారు. అందులో అరిట్టాపట్టి జీవవైవిధ్య వారసత్వ స్థలం కూడా ఉందని తెలిసి ఊళ్ళు కదిలాయి. డిసెంబరు 9న ఆ రాష్ట్ర శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. 2025 జనవరి 23న కేంద్రం ఆ వేలాన్ని రద్దు చేసింది. రైతులు గెలిచారు. ఎలా గెలిచారు? పటంలో గీత ఎక్కడ పడిందో వాళ్ళు ముందే చదివారు కాబట్టి.

మనకు చట్టాలు ఉన్నాయి. 1970లో గట్టిపడిన 1/70 చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదంటుంది. 1997 జులై 11న సుప్రీంకోర్టు సమత కేసు తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గని లీజులు ఇవ్వడం కూడా ఆ చట్టానికి విరుద్ధమేనని చెప్పింది. గిరిజనుల సహకార సంఘాలు తవ్వుకోవడానికి దారి తెరిచే ఉంచింది. 2013 ఏప్రిల్ 18న నియమగిరి తీర్పులో గ్రామసభల మాట వినాలని చెప్పింది. ఆ తరువాత ఒడిశాలోని డోంగ్రియా ఖోండుల 12 గ్రామసభలు ఒక్కొక్కటిగా కూర్చుని వద్దని చెప్పాయి. రాయికి పేరిచ్చిన ఆ జనమే తమ కొండను నిలబెట్టుకున్నారు.

అయితే ఒక జాగ్రత్త. పెసా చట్టంలో గని అనుమతికి గ్రామసభ సిఫారసు తప్పనిసరి అన్న మాట ఇసుక, కంకర లాంటి చిన్న ఖనిజాలకే రాశారు. టంగ్‌స్టన్ దాని కిందికి రాదు. భూసేకరణకు ముందు సంప్రదించాలన్న నిబంధన, అటవీ హక్కుల చట్టం, సమత తీర్పు – ఇవే మన చేతిలో ఉన్న ఆయుధాలు. గ్రామసభలో "పెసా ఉంది కదా" అని మాత్రం అనేసి కూర్చుంటే ఎదుటి వకీలు నవ్వి పోతాడు. చట్టం పేరు తెలిస్తే చాలదు, అది ఎంతవరకు పనికొస్తుందో కూడా తెలియాలి.

టంగ్‌స్టన్ చెడ్డదని నేను అనడం లేదు. బోరు లేకపోతే మన గూడేలకు వేసవిలో నీళ్ళు లేవు. ఆ బోరు బిట్టు మీద ఉన్నది ఈ లోహమే. ఎక్స్‌రే యంత్రంలో ఎముకను చూపించే కిరణాలు పుట్టేది దీని మీదే. హైదరాబాద్‌లోని డీఎంఆర్ఎల్ లాంటి ప్రయోగశాలలు దీని మిశ్రలోహాల మీద పనిచేశాయి. దేశానికి ఇది కావాలి. కావాలన్నప్పుడు ఎవరి కొండ నుంచి, ఎవరి అనుమతితో, ఎవరికి ఏ పని ఇచ్చి తీస్తారన్నదే ప్రశ్న. మన పిల్లలు తట్ట మోసే కూలీలుగానే ఆ గనిలోకి వెళ్ళాలా? భూగర్భ శాస్త్రం, లోహశాస్త్రం చదివి, వకీళ్ళై ఆ బల్ల దగ్గర కూర్చోలేరా?

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. ఫిలమెంటు పాఠం వచ్చినప్పుడు ఒక్క పీరియడు ఎక్కువ తీసుకోండి. కాలిపోయిన బల్బు, పాత బిట్టు బొడిపె, బాల్ పెన్ను బల్ల మీద పెట్టండి. పక్కన జిల్లా పటం పెట్టండి. మీ గూడెం చుట్టూ ఏ రాళ్ళు ఉన్నాయో, పెద్దలు వాటిని ఏ పేరుతో పిలుస్తారో పిల్లల చేత రాయించండి. కొత్తవాళ్ళు ఎవరైనా కొండ మీద రాళ్ళు ఏరుతూ, సుద్దతో గుర్తులు పెడుతూ కనిపిస్తే ఏ శాఖవారు, ఏ కాగితం మీద వచ్చారని మర్యాదగా అడగడం నేర్పండి.

ఆ వెల్డింగు షాపతను నాకు ఒక కార్బైడ్ బొడిపె ఊడదీసి ఇచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. "బడి పిల్లలకి చూపిస్తానన్నారు కదండీ" అన్నాడు. ఇప్పుడది నా బల్ల సొరుగులో ఉంది. కొత్త పిల్లలు వచ్చినప్పుడల్లా చేతిలో పెడతాను. ఇంత చిన్నదానికి అంత బరువేమిటని ఆశ్చర్యపోతారు. పోయిన ఏడాది ఏజెన్సీ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల ఒకతె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సార్, ఇలాంటిది మా కొండలో ఉంటే మాకు ముందు చెప్తారా?" అని అడిగింది.

నేను అవునని చెప్పలేకపోయాను. "నువ్వు చదువుకుని ముందే తెలుసుకో" అన్నాను.